మూడిల్ క్విజ్: ఏడో ప్రశ్న పట్టిచ్చిన నా తప్పు

నేను ఫిజిక్స్ చెప్తాను. ఇదివరకు వాడిన ఒక పరీక్షల సాఫ్ట్‌వేర్‌లో, పరీక్ష సగంలో ఉండగా ఒకమ్మాయికి నెట్ పోయింది. తిరిగి వచ్చేసరికి రాసిన పద్దెనిమిది జవాబులూ ఖాళీ. టైమ్ పెంచుదామంటే క్లాసు మొత్తానికీ పెంచాలి, ఒక్కరికే పెంచే దారి లేదు. అప్పటినుంచి ఇలాంటిది ఏది చూసినా నేను మొదట అడిగేది, మధ్యలో ఏదైనా చెడితే నా చేతిలో ఏముంటుందని.

మూడు సెమిస్టర్లుగా మూడిల్ అనే ఆన్‌లైన్ క్లాసుల సాఫ్ట్‌వేర్‌లోని క్విజ్ వాడుతున్నాను. మూడిల్ 2002 నుంచి ఉన్నదే, ఓపెన్ సోర్స్. లైసెన్స్ ఖర్చు లేదు, సర్వర్ చూసుకునే మనిషి మాత్రం ఉండాలి. జవాబులు మధ్యమధ్యలో దానంతట అదే సేవ్ చేసుకుంటుంది. నెట్ పోయి వచ్చినవాళ్లు ఆపిన చోటి నుంచి రాసుకోవచ్చు. గడియారం ఆగదు కానీ, 'యూజర్ ఓవర్‌రైడ్'తో ఆ ఒక్కరికే పది నిమిషాలు కలపొచ్చు.

నాకు బాగా నచ్చింది స్టాటిస్టిక్స్ పేజీ. ఒకసారి ఏడో ప్రశ్నకి డిస్క్రిమినేషన్ ఇండెక్స్ మైనస్‌లో వచ్చింది. అంటే బాగా చదివేవాళ్లు తప్పు రాశారు, మిగతావాళ్లు కరెక్టు! వెళ్లి చూస్తే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే 2 కిలోల వస్తువు గతిశక్తి ఎంత అన్న లెక్క. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చడం మర్చిపోయి, కీలో 1296 జౌళ్లు పెట్టాను. నాలాగే మర్చిపోయినవాళ్లకు మార్కులు పడ్డాయి, 100 అని సరిగ్గా రాసినవాళ్లకు సున్నా. కీ దిద్ది 'రీగ్రేడ్' నొక్కితే అందరి మార్కులూ మారాయి. అరవై పేపర్లు మళ్లీ దిద్దే పని తప్పింది. క్లాసులో క్షమాపణ చెప్పడం తప్పలేదు, అది వేరే సంగతి.

కాపీ విషయానికి వస్తే, పరీక్ష అయ్యేదాకా వేరే పేజీలు, యాప్‌లు తెరవనివ్వని సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్‌తో కలిపి నడపొచ్చు. నేను దానికన్నా 'కాలిక్యులేటెడ్' ప్రశ్నల్నే నమ్ముతాను. లెక్క ఒకటే, అంకెలు ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తాయి. పక్కవాడి జవాబు ఎత్తి రాస్తే చాలావరకు తప్పే. టాలరెన్స్, అంటే జవాబు ఎంత అటూఇటూ అయినా ఒప్పుకోవాలన్న హద్దు, పెట్టడం మాత్రం మరవొద్దు, లేకపోతే g విలువ 9.8 వేసినవాడికీ 9.81 వేసినవాడికీ మార్కుల గొడవే.

సెట్టింగ్స్ పేజీ చాంతాడంత. పరీక్ష అయ్యాక విద్యార్థికి ఏం కనిపించాలో చెప్పే 'రివ్యూ ఆప్షన్స్'లో ఒక టిక్ తీయడం మర్చిపోయాను, ముందే ముగించినవాళ్లకు కరెక్టు జవాబులన్నీ కనిపించాయి. ఇప్పుడు ఒక ఉత్తుత్తి విద్యార్థి అకౌంట్‌తో ముందు నేనే పరీక్ష రాస్తున్నాను. మొన్న నాకు నలభైకి ముప్పై ఏడు వచ్చాయి.