ముందు టేపు పెట్టారు, తర్వాతే కాటా: సీతమ్మధార క్లినిక్‌లో నా ఆరు నెలలు

పెళ్ళై నాలుగేళ్ళు, పిల్లలు ఇంకా లేరు. వయసు 31, ఎత్తు 156 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, పీసీఓఎస్ (హార్మోన్లు తేడా వచ్చి అండం, నెలసరి సరిగ్గా రాని సమస్య). ఇంతకుముందు వెళ్ళిన ఒక హాస్పిటల్‌లో రిపోర్టులు తిరగేసి "పది కిలోలు తగ్గి రా అమ్మా" అని పంపేశారు, ఎలా తగ్గాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆ రోజు విశాఖలో జగదాంబ నుంచి ఇంటిదాకా ఆటోలో ఏడుస్తూనే వచ్చాను.

సీతమ్మధారలోని ఈ క్లినిక్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఫిర్యాదులు కూడా ఉన్నాయి. కానీ ఇక్కడి డాక్టరమ్మకి నేను రుణపడి ఉంటాను. మొదటి రోజే నడుము చుట్టూ టేపు పెట్టి కొలిచారు, 98 సెంటీమీటర్లు వచ్చింది. మన ఆడవాళ్ళకి 80 దాటితేనే జాగ్రత్తపడాలట. షుగర్ మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1 శాతం, అంటే షుగర్ గుమ్మం దగ్గర నిలబడ్డట్టే. లివర్‌కి కొవ్వు కూడా పట్టింది. ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చెప్పారు: ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోతే ఒళ్ళు ఇంకా ఇంకా తయారుచేస్తుంది, అది ఎక్కువై అండాశయాల్లో మగ హార్మోన్లు పెరుగుతాయి, దాంతో అండం సగంలోనే ఆగిపోతుంది, నెలసరి రాదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి అండం విడుదల మళ్ళీ మొదలవుతుందన్నారు. నాకైతే నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది.

అదే రోజు మా ఆయనకీ వీర్య పరీక్ష రాశారు. అత్తయ్య మొహం మాడ్చుకున్నారు, అయినా ఆయన చేయించుకున్నారు. ఇది ప్రతి చోటా మొదటి రోజే చెయ్యాలి.

తిండి విషయంలో మన ఇంటి వంటే. చోడి (రాగి) అంబలి మంచిదే కానీ పెద్ద గ్లాసుతో తాగితే అదీ పిండిపదార్థమే అన్నారు. మధ్యాహ్నం ముందు కూర, కానాగంతల చేపల పులుసులో ముక్కలు, ఆ తర్వాతే చిన్న గిన్నెడు అన్నం. రాత్రి తిన్నాక పావుగంట నడక, వారానికి రెండు రోజులు బరువులు ఎత్తే వ్యాయామం. ఇన్సులిన్ బాగా పనిచేయడానికి రాసిన మెట్‌ఫార్మిన్ మాత్రతో మొదటి రెండు వారాలు కడుపు పాడైంది, తిన్న తర్వాత వేసుకోమని, డోసు మెల్లగా పెంచారు, సర్దుకుంది.

ఇక ఫిర్యాదులు. అపాయింట్‌మెంట్ ఉన్నా గంటన్నర కూర్చోవాలి. ఆరు నెలల్లో ముగ్గురు డైటీషియన్లు మారారు, ప్రతిసారీ కథ మొదటి నుంచి చెప్పాలి. డాక్టరమ్మ రాయని ప్రోటీన్ పౌడర్ డబ్బా రిసెప్షన్‌లో అంటగట్టబోయారు, అది పిల్లల కోసం తపించే మనిషి దగ్గర చెయ్యాల్సిన పని కాదు.

ఇప్పుడు 77 కిలోలు, నడుము 91, షుగర్ 5.6. మూడు నెలలుగా నెలసరి 33, 35 రోజులకి వస్తోంది, ఇంతకుముందు 70 రోజులు దాటేది. ప్రెగ్నెన్సీ ఇంకా రాలేదు. ఈ నెల అండం విడుదలకి లెట్రోజోల్ మాత్రలు మొదలుపెట్టారు, నెలసరి పదకొండో రోజు స్కాన్‌లో ఒక ఫాలికిల్ (అండం పెరిగే చిన్న సంచి) 17 మిల్లీమీటర్లు కనిపించింది. స్క్రీన్ మీద ఆ నల్లటి గుండ్రం చూస్తూ మా ఆయన చెయ్యి వదల్లేదు.

ఒక మాట: 35 దాటినవాళ్ళు బరువు తగ్గేదాకా ఆగకండి, బరువు, పిల్లల చికిత్స రెండూ కలిపి చూసే డాక్టర్ని అడగండి. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజక్షన్లు సొంతంగా కొని వేసుకోవద్దు, గర్భానికి ప్రయత్నించే ముందు కనీసం రెండు నెలలు అవి ఆపాలి. ఇక్కడికి వస్తే పరగడుపునే రండి, బాక్సులో రెండు ఉడికించిన గుడ్లు పెట్టుకోండి, రక్తం ఇచ్చాక తినడానికి దగ్గర్లో సమోసాలు తప్ప ఏమీ దొరకవు.