ముందు ఫిజిక్సా, ముందు థియాలజీనా?

మతం, సైన్సు కలిసే చోట పనిచేయాలనుకునే పిల్లలు మళ్లీమళ్లీ అడిగేది ఇదే: డిగ్రీ కాగానే థియాలజీ (క్రైస్తవ వేదాంతం) నేర్పే సెమినరీలో చేరాలా, సైన్సులో పీహెచ్‌డీ దాకా వెళ్లి ఆపైన బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ అనే థియాలజీ డిగ్రీ) చేయాలా?

రెండు దారుల్లోనూ పెద్దవాళ్లున్నారు. జర్మనీ లూథరన్ పండితుడు పానెన్‌బర్గ్ థియాలజీ నుంచే సైన్సు వైపు వచ్చారు. జాన్ పోల్కింగ్‌హార్న్ కేంబ్రిడ్జిలో మ్యాథమెటికల్ ఫిజిక్స్ ప్రొఫెసరు. 1979లో ఆ కుర్చీ వదిలి, 1982లో ఆంగ్లికన్ చర్చి గురువు (ప్రీస్టు) అయ్యారు. బయోకెమిస్టు ఆర్థర్ పీకాక్‌కు 1971లో గురువుగా అభిషేకం జరిగింది.

తేల్చేది వయసేనని నా నమ్మకం. థియాలజీ యాభై దగ్గర మొదలుపెట్టినా పట్టుబడుతుంది, పోల్కింగ్‌హార్నే సాక్ష్యం. లెక్కలు ఆ వయసులో లొంగడం చాలా కష్టం. లెక్క రానివాళ్లు క్వాంటం మెకానిక్స్‌లోని అనిశ్చితత్వ సూత్రం చూపించి, ‘పరమాణువుల్లో ఏదైనా జరగొచ్చు, దేవుడి చెయ్యి అక్కడుంది’ అని రాసేస్తారు. కణం స్థానంలోని వ్యాప్తిని ద్రవ్యవేగం (మొమెంటమ్)లోని వ్యాప్తితో గుణిస్తే ఒక హద్దుకన్నా తగ్గదని మాత్రమే ఆ సూత్రం చెబుతుంది. కొలవనంతసేపూ క్వాంటం మెకానిక్స్ మూల సూత్రమైన ష్రోడింగర్ సమీకరణం ప్రకారం కణం స్థితి కచ్చితంగా నడుస్తుంది. కొలిచినప్పుడు వచ్చే ఫలితాల సంభావ్యతలూ ముందే ఖరారు. ఈ తేడా పెన్నుతో లెక్క చేసినవాళ్లకే ఒంటబడుతుంది.

సైన్సువాళ్లు పడే గుంట ఇంకోటి: బైబిల్లోని ఆదికాండము మొదటి వచనాన్ని విశ్వారంభ సిద్ధాంతమైన బిగ్‌బ్యాంగ్‌కు అతికించడం. లోకానికి ఆరంభం లేకపోయినా అది దేవుడి సృష్టే కావచ్చని 13వ శతాబ్దంలోనే క్యాథలిక్ పండితుడు తోమా అక్వినాస్ వాదించాడు. ఉనికి కోసం ప్రతి క్షణం దేవుడిమీద ఆధారపడటమే సృష్టికి అసలు అర్థం. 1951లో పన్నెండవ పయస్ పోపు విశ్వారంభాన్ని సృష్టికి ముడిపెట్టి ప్రసంగిస్తే, బిగ్‌బ్యాంగ్ సిద్ధాంతానికి ఆద్యుడైన లెమేత్ర్‌కు నచ్చలేదు. ఆయనా క్యాథలిక్ గురువే.

రెండూ వెంటవెంటనే ముగించినవాళ్లూ ఉన్నారు. అలిస్టర్ మెక్‌గ్రాత్ 1977లో మాలిక్యులర్ బయోఫిజిక్స్ డాక్టరేటు, 1978లో థియాలజీ డిగ్రీ ఆక్స్‌ఫర్డ్‌లోనే అందుకున్నారు. అందరికీ అయ్యే పని కాదు.

కాబట్టి ముందు సైన్సే. తర్వాత మాత్రం ఆన్‌లైన్ సర్టిఫికెట్‌తో సరిపెట్టొద్దు; గ్రీకు, హీబ్రూ, సిద్ధాంతాల చరిత్ర ఉన్న పూర్తి బీడీ చేయండి. థియాలజీ డిగ్రీలిచ్చే సెరంపూర్ సెనేట్ వారి బీడీ హైదరాబాదులో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలలో చదవొచ్చు. బీడీ ఇప్పటికే అయిపోయినవాళ్లు క్యాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, ఆపైన బీఎస్సీ స్థాయి క్వాంటం మెకానిక్స్, ఈ వరుసలో లెక్కలు చేస్తూ వెళ్లాలి. అప్పటిదాకా క్వాంటం మీద వ్యాసం రాయకండి.