డిజైన్ నాణ్యతకు ఏ ప్రమాణం మేలు: 25010, డబ్ల్యూసీఏజీ, 9241-11?

ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో గీసిన స్క్రీన్ల ఫైల్‌ను కోడ్ రాసేవారికి అప్పజెప్పే ముందు దాని నాణ్యత ఎలా తేల్చాలి, సాఫ్ట్‌వేర్ నాణ్యతకున్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 25010నే వాడేయొచ్చా అని డిజైన్ టీముల్లో పదేపదే అడుగుతుంటారు. వాడొచ్చు, కానీ అందులో కొంతే మనకు పనికొస్తుంది.

2011లో 8 నాణ్యతా లక్షణాలున్న ఆ ప్రమాణంలో 2023 సవరణతో 9 అయ్యాయి. సేఫ్టీ కొత్తగా చేరింది, యూజబిలిటీ (వాడకంలో సులువు) పేరు ఇంటరాక్షన్ కేపబిలిటీగా మారింది. పెర్ఫార్మెన్స్ (వేగం), రిలయబిలిటీ (ఆగకుండా పనిచేయడం)లను కోడ్ నడిస్తేనే కొలవగలం. బొమ్మగా ఉన్న స్క్రీన్‌కు రెస్పాన్స్ టైమ్ ఎక్కడిది? మార్కుల పట్టికలో ఆ గడుల్లో వేసేవన్నీ ఊహలే. మెయింటెయినబిలిటీ (సులువుగా మార్చగలగడం) మాత్రం డిజైన్ ఫైల్‌కు చక్కగా అతుకుతుంది. ప్రైమరీ రంగు వేరియబుల్ (అన్ని స్క్రీన్లూ వాడుకునేలా ఒకేచోట పెట్టిన రంగు విలువ) ఒక్కటి మార్చి, 40 స్క్రీన్లలో ఎన్ని మారాయో లెక్కపెట్టండి. మారనివాటిలో ఎక్కువ భాగం కాంపొనెంట్ (పదేపదే వాడే ఉమ్మడి నమూనా) నుంచి డిటాచ్ చేసినవో, అంటే విడదీసినవో, రంగు కోడ్ నేరుగా టైప్ చేసినవో అయివుంటాయి.

వైకల్యం ఉన్నవారికీ వెబ్ అందేలా చూసే ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2ను చాలావరకు బొమ్మ మీదే పరీక్షించవచ్చు. మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (నేపథ్యంతో వెలుగు తేడా) 4.5:1 ఉండాలి. తెల్లటి నేపథ్యంపై 767676 గ్రే 4.54తో నెగ్గుతుంది, 777777 గ్రే 4.48తో తప్పుతుంది. 4.48ని 4.5గా సవరించడానికి వీల్లేదు. నొక్కే చోటు కనీసం 24×24 పిక్సెళ్లుండాలి, తగ్గితే చుట్టూ ఖాళీ వదలాలి. తెలుగు డిజైన్లు ఎక్కువగా దెబ్బతినేది లైన్ ఎత్తు దగ్గర. ఇంగ్లిష్ నమూనాతో అక్షర పరిమాణానికి 1.2 రెట్ల లైన్ ఎత్తు, స్థిరమైన బటన్ ఎత్తు పెట్టేసి తర్వాత 'రాష్ట్రం', 'స్త్రీ' లాంటి మాటలు వేస్తే వత్తులు కింది వరుసకు తగులుతాయి, లేదా పెట్టె అంచున తెగిపోతాయి. వాడేవారు లైన్ ఎత్తును 1.5కు పెంచినా ఏదీ పోకూడదని ఈ ప్రమాణమే అడుగుతుంది. కాబట్టి స్థిరమైన ఎత్తు తీసేసి ఆటో లేఅవుట్ (లోపలి మాటను బట్టి పెట్టె పెరిగే ఫిగ్మా సదుపాయం), పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి.

ఇవన్నీ నెగ్గిన డిజైన్‌లో కూడా టికెట్ రద్దు చేసే దారి దొరక్కపోవచ్చు. అందుకే నా మొగ్గు యూజబిలిటీని నిర్వచించే ప్రమాణం ఐఎస్‌ఓ 9241-11 వైపు. ఎవరు, ఏ పని కోసం, ఏ పరిస్థితిలో వాడతారో ముందు రాయించి, పని పూర్తవడం, దానికైన శ్రమ, తృప్తి అనే మూడింటినీ చూస్తుంది. పాస్ మార్కు మాత్రం అది చెప్పదు, మనమే పెట్టుకోవాలి. ముందు రాయాల్సింది ఇలా ఉంటుంది: 'తెలుగు మాత్రమే చదివే ప్రయాణికుడు, బస్టాండులో, ఒంటిచేత్తో టికెట్ రద్దు చేయాలి'.

ఇలా మనుషులతో పరీక్షించేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. ఐదుగురిలో నలుగురు చేయగలిగితే 80 శాతం అని రాసేస్తారు. అంత చిన్న గుంపుతో అసలు విలువ, 95 శాతం నమ్మకంతో లెక్కిస్తే, సుమారు 36 నుంచి 98 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఐదుగురు లోపాలు పట్టడానికి చాలు, పాస్ ఇవ్వడానికి కనీసం 20 మంది కావాలంటాను. రెండోది, ఫిగ్మా ప్రోటోటైప్ (కోడ్ లేకుండా నొక్కి చూడగల నమూనా)లో ఖాళీ చోట నొక్కితే సరైన చోటు నీలంగా మెరుస్తుంది. ఆ హాట్‌స్పాట్ సూచన ఆపకపోతే జవాబు మనమే అందించినట్టు. ప్రోటోటైప్‌లో నెట్‌వర్క్ జాప్యం ఉండదు గనుక, సమయం లెక్కను రెండు డిజైన్లను పోల్చడానికే వాడాలి.

ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) అనే 10 ప్రశ్నల పత్రం తృప్తి కొలవడానికి సరిపోతుంది, అంతకుమించి ఆశించొద్దు.

క్లయింట్ 25010 మొత్తం కావాలని పట్టుబడితే, పెర్ఫార్మెన్స్, రిలయబిలిటీ గడుల్లో మార్కు వేయకుండా 'కోడ్ వచ్చాక' అని రాసి, ఆ పరీక్ష ఎవరు చేయాలో కూడా పక్కనే రాయించుకోండి.