స్కూటర్ మీద పాపకు కట్టే సేఫ్టీ బెల్టు: నాలుగు ఉగాదుల వాడకం తర్వాత

2023 మార్చిలో, ఉగాదికి పది రోజుల ముందు, మా పాప పద్నాలుగు నెలల పిల్లగా ఉన్నప్పుడు ఈ సేఫ్టీ బెల్టు కొన్నాను. మొన్న 2026 మార్చి 19న, పరాభవ నామ సంవత్సర ఉగాది నాడు, అదే బెల్టు కట్టుకొని విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా ఇంటి నుంచి అడవివరంలోని మా పుట్టింటికి వెళ్ళి వచ్చాం. నడుమ జోరువానల రోజులు తీసేస్తే, వారానికి నాలుగైదు సార్లయినా దీన్ని వాడాను. కొనేముందు నేను చదివిన అభిప్రాయాలన్నీ వస్తువు చేతికందిన నాలుగు రోజులకే రాసినవి. కుట్టు బాగుందని, రంగు బాగుందని వాటిలో ఉంది గానీ, నిద్రలోకి జారిన పిల్లతో, చైత్రమాసపు ఉక్కపోతలో, మన సముద్రపు ఉప్పుగాలిలో అది ఎలా నిలుస్తుందో ఎవరూ చెప్పలేదు. చంటిపిల్లల తల్లులకు తెలియవలసింది అదే గనుక నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను.

పిల్లకు తొడిగే చేతుల్లేని కోటు వంటిది ఒకటి, దాని నుంచి బయలుదేరి బండి నడిపేవారి భుజాల మీదుగా వచ్చే రెండు పట్టీలు, వాటిని బిగించడానికి బకిళ్ళు: దీని నిర్మాణం ఇంతే. పిల్ల మన వెనుక కూర్చుంటుంది, దాని ఛాతీ మన వీపుకు ఆనుకొని ఉంటుంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2022 ఫిబ్రవరి 15న వచ్చిన సవరణ ప్రకారం, నాలుగేళ్ళ లోపు పిల్లలను ద్విచక్ర వాహనం మీద తీసుకువెళ్ళేటప్పుడు ఇటువంటి బెల్టు కట్టాలి, తొమ్మిది నెలలు దాటిన పిల్లలకు తలకు సరిపడే హెల్మెట్ పెట్టాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు. బెల్టు 30 కిలోల బరువుకు ఆగాలని, తేలికగా ఉండాలని, నీటికి తట్టుకోవాలని కూడా అందులో ఉంది. ఏడాది గడువు తర్వాత 2023 ఫిబ్రవరిలో అది అమల్లోకి వచ్చింది. నేను కొన్నది ఆ మరుసటి నెలలోనే అయినా, నిబంధన కోసం కొనలేదు.

అంతకు ముందు నేనూ అందరిలాగే పాపను ముందు, నా మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొని బండి నడిపేదాన్ని. మావారు స్టీల్ ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి కావడంతో, ఎ షిఫ్టు ఉన్న వారం తెల్లవారకముందే ఇల్లు వదిలి వెళ్తారు. పాపను మా అమ్మ దగ్గర దింపడం, సాయంత్రం తెచ్చుకోవడం నా పని. ఆ మార్చిలోనే ఒకరోజు హనుమంతవాక కూడలి దగ్గర ముందున్న ఆటో ఆగితే నేనూ బ్రేకు వేశాను. గట్టి బ్రేకు కూడా కాదు. పాప గడ్డం హ్యాండిల్ మధ్య భాగానికి తగిలి పెదవి చిట్లింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే ఆరువందల యాభై రూపాయలు పెట్టి బెల్టు తెప్పించాను.

మొదటి రోజు మా అమ్మ గుమ్మంలో నిలబడి చూసి, "అలాగ కట్టీసి తెచ్చావేటే, గుంటకి ఊపిరాడొద్దా?" అంది. ఊపిరి సంగతి నిజంగానే చూసుకోవలసినదే. కోటుకూ పిల్ల ఛాతీకీ మధ్య నా రెండు వేళ్ళు దూరేంత సందు ఉంచి బిగిస్తాను. అంతకంటే వదులైతే పిల్ల పక్కకు జారుతుంది, బిగుతైతే తిన్నది కక్కుతుంది. ఈ కొలత ఒకసారి చూసి వదిలేసేది కాదు. పట్టీ వాడుతున్నకొద్దీ నెమ్మదిగా జారుతుంది కాబట్టి, ప్రతిసారీ బయలుదేరే ముందు చూసుకోవాలి.

ఈ బెల్టు విలువ నాకు తెలిసింది పాప నిద్రపోయినప్పుడు. మెలకువగా ఉన్న పిల్ల తల్లిని తానే పట్టుకుంటుంది, నిద్రపోయిన పిల్లకు ఆ పట్టు ఉండదు. మా పాపకు నా జడ పట్టుకోవడం అలవాటు. హెల్మెట్ కింద నుంచి వేలాడే జడ సరిగ్గా దాని ముఖం ముందుకు వస్తుంది గనుక, రెండు చేతులతో దాన్ని పట్టుకొని కూర్చునేది. మల్లెలు వచ్చే రోజుల్లో జడలోని పూలు ఒక్కొక్కటే పీకి గాలికి వదిలేసేది. ఇంటికి వచ్చాక చూస్తే దారపు ముక్క మిగిలేది. మధ్యాహ్నం భోజనం పెట్టి తీసుకువస్తున్న రోజుల్లో, అడవివరం దాటి కొండల మధ్య రోడ్డు ఎక్కగానే జడ మీద ఆ లాగుడు కాస్త కాస్త తగ్గుతూ వచ్చి, ముడసర్లోవ చేరేసరికి పూర్తిగా ఆగిపోయేది. జడ వదిలిందంటే నిద్రపోయిందని నాకు తెలిసేది. బెల్టు లేని రోజుల్లో అయితే ఒంటి చేత్తో బండి నడుపుతూ రెండో చేత్తో పిల్లను నొక్కి పట్టుకోవలసి వచ్చేది. బెల్టు కట్టాక ఆ పదిన్నర కిలోల బరువు నా రెండు భుజాల మీదికి సమంగా వచ్చి నిలిచేది, నా రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉండేవి.

అయితే ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. బెల్టు ఒంటిని పట్టుకుంటుంది గానీ మెడను పట్టుకోదు. నిద్రపోయిన పిల్ల తల, హెల్మెట్ బరువుతో కలిసి ఒక పక్కకు వాలిపోతుంది, గతుకు వచ్చిన ప్రతిసారీ ఊగుతుంది. అద్దంలో ఒకసారి అది చూశాక నేను నిద్రపోతున్న పిల్లతో ప్రయాణం కొనసాగించడం మానేశాను. జడ వదలగానే బండి నెమ్మది చేసి, రోడ్డు పక్కన నీడ చూసుకొని ఆపుతాను. ముడసర్లోవ దగ్గర మాకొక కానుగ చెట్టు ఉంది. ఏప్రిల్‌లో దాని కింద నేలంతా పేలాలు ఆరబోసినట్టు పూలు రాలి ఉంటాయి. హెల్మెట్ తీసి, పాపను ఒళ్ళోకి తీసుకొని, సీసాలో నీళ్ళు తాగుతూ పదిహేను ఇరవై నిమిషాలు అక్కడే కూర్చుంటాను. అరగంట ప్రయాణం గంట పడుతుంది. బెల్టు కొన్నవారు ఆ సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలని నా అభిప్రాయం.

2024 వేసవి మొదట్లో జరిగినది ఒకటి చెప్తాను. ముడసర్లోవ దాటుతుండగా కుక్కపిల్ల ఒకటి అడ్డం వచ్చింది. బండి వేగం ముప్పైకి లోపే. రెండు బ్రేకులూ వేశాను, వెనుక చక్రం కాస్త జారింది, నా కాలు నేలకు ఆనింది. పాప ఎడమ వైపుకు ఒరిగింది. ఆ ఒరగడాన్ని నేను నా కుడి భుజం మీద పట్టీ కోసుకుపోవడంగా తెలుసుకున్నాను. ఇంటికి వెళ్ళి చూస్తే భుజం మీద ఎర్రటి గీత, పాపకు మాత్రం గీరు కూడా లేదు. ఆ గీత మానడానికి మూడు రోజులు పట్టింది. అప్పటి నుంచి నా వైపు పట్టీల కింద మెత్తటి నూలు గుడ్డ మడత పెట్టి కుట్టుకున్నాను. తయారీదారులు పిల్ల వైపు స్పాంజి పెడతారు గానీ, బరువంతా పడే పెద్దవారి భుజం వైపు వట్టి నైలాన్ పట్టీ వదిలేస్తున్నారు. ఇది దిద్దుకోవలసిన లోపం.

అలాగని ఈ బెల్టు ప్రమాదం నుంచి కాపాడుతుందని నేను అనను. పిల్ల బండి మీద నుంచి జారిపోకుండా ఆపడమే దీని పని. బండే పడిపోతే, పిల్ల నాతోపాటే పడుతుంది. అందుకే హెల్మెట్ లేకుండా ఈ బెల్టు ఒక్కటే కట్టడం నాకు సమ్మతం కాదు, 40 దాటి నడపడం అసలే కాదు. హైవే మీద నేను పాపతో వెళ్ళను. మద్దిలపాలెం వైపు వెళ్ళవలసి వస్తే ఎంవీపీ లోపలి వీధుల నుంచే వెళ్తాను, లేదా ఆటో ఎక్కుతాను.

ఇక మన ఊరి వాతావరణం. మార్చి నెల ఉదయాలు హాయిగా ఉంటాయి. వేప పూత వాసన వీధంతా ఉంటుంది, సముద్రపు గాలి ఒంటికి తగులుతుంది. పది దాటితే మాత్రం గాలిలోని తేమకు చెమట ఆరనే ఆరదు. లోపల స్పాంజి, పైన నైలాన్ ఉన్న కోటు ఛాతీకీ వీపుకూ అంటుకొని ఉండడంతో, మొదటి ఏడాది ఏప్రిల్ రెండో వారానికే పాప వీపంతా చెమటకాయలు లేచాయి. పౌడరు వేస్తే చెమటతో ముద్ద కట్టింది. చివరకు మా అమ్మ తన పాత నూలు చీర చింపి, కోటు లోపలి వైపుకు సరిపడేలా రెండు అస్తర్లు కుట్టి ఇచ్చింది. అవి నాలుగు మూలలా టిచ్ బటన్లతో ఊడివచ్చేలా ఉంటాయి గనుక, ఒకటి ఉతికితే రెండోది వాడుకోవచ్చు. ఆ తర్వాత చెమటకాయలు తగ్గాయి. మూడేళ్ళలో ఈ బెల్టుకు జరిగిన మంచి మార్పు ఏదైనా ఉందంటే ఈ చీర ముక్కే. ఎండలో ఆపిన బండి మీద బెల్టు వదిలి వెళ్ళడం కూడా తప్పు. సర్దుబాటు కోసం పెట్టిన ఇనుప కడ్డీ ఎంత వేడెక్కుతుందో మే నెలలో పాప మోచేతికి తగిలాక గానీ నాకు తెలియలేదు.

ఆ కడ్డీలే రెండో ఏడాదికి తుప్పు పట్టాయి. కిటికీ ఊచలు, గేటు బోల్టులు తుప్పు పట్టే ఊళ్ళో అది వింత కాదు గానీ, తుప్పు గరుకుకు పట్టీ అంచు పీచు లేవడం మొదలైంది. మరో వైపు ఇసుక. ఆదివారం సాయంత్రాలు ఆర్కే బీచ్‌కు వెళ్ళి, కురుసుర జలాంతర్గామి ముందు పాపను కాసేపు ఆడించి తీసుకురావడం మాకు అలవాటు. తడి ఇసుక చేతులతో అది బకిల్‌ను నొక్కుతుంది. రెండు మూడు వారాలకు బకిల్ లోపల ఇసుక చేరి, సగం దిగి ఆగిపోవడం మొదలుపెట్టింది. పైకి చూస్తే పడినట్టే ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. ఇంతకు మించిన అపాయం ఈ వస్తువులో నాకు కనబడలేదు. అందుకే మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం: 'టక్కు' మని వినిపించాలి, తర్వాత ఒకసారి లాగి చూడాలి. పాపకు మాటలు వచ్చాక ఆ లెక్క అదే చూసుకోవడం మొదలుపెట్టింది. "అమ్మా, ఒక్క టక్కే అయింది" అని నన్ను ఆపిన రోజులు ఉన్నాయి. బీచ్ నుంచి వచ్చాక బకిళ్ళను మంచినీళ్ళలో ముంచి ఆడించి, నీడలో ఆరవేస్తాను. ఎండలో ఆరవేస్తే నైలాన్ సత్తువ తగ్గుతుంది. మా బెల్టు ముదురు నీలం రంగు భుజాల దగ్గర వెలిసి బూడిద రంగుకు వచ్చింది.

కొన్న పద్దెనిమిది నెలలకు నడుము బకిల్ పన్ను ఒకటి విరిగింది. అమ్మినవారికి రాస్తే, బకిల్ విడిగా ఇవ్వమని, కొత్త బెల్టు కొనుక్కోమని జవాబు వచ్చింది. పిల్లల భద్రతకు సంబంధించిన వస్తువుకు ముప్పై నలభై రూపాయల విడిభాగం దొరకకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. సంచులు కుట్టే ఒక దుకాణంలో అదే కొలత బకిల్ వేయించి, తుప్పు కడ్డీలను కూడా స్టీలువి మార్పించాను. పట్టీ కోటుకు కలిసే చోట, చతురస్రం గీసి మధ్యలో ఇంటూ గుర్తు పెట్టినట్టు ఉండే కుట్టును విప్పవద్దని దగ్గర నిలబడి చెప్పాను. బరువంతా మోసేది ఆ కుట్టే. కొనేటప్పుడు రంగు కంటే ముందు చూడవలసింది కూడా అదే.

ఒంటరిగా దిగడం దీనితో కష్టం. కొత్తలో ఒకరోజు కూరల సంచి చేతిలో పెట్టుకొని, పట్టీలు విప్పకుండానే బండి మీద నుంచి లేచాను. పాప నా వీపుకు వేలాడుతూ లేచింది, కాలు సీటు అంచుకు కొట్టుకొని చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత వరుస మార్చలేదు. బండి ఆపి, స్టాండు వేసి, కూర్చునే ఉండి, ఎడమ చేతిని వెనక్కి పెట్టి పాపను పట్టుకుంటాను, కుడి చేత్తో నా భుజాల పట్టీలు వదిలించుకుంటాను, తర్వాత పక్కకు తిరిగి పాపను ముందు దింపి, చివర నేను దిగుతాను. చున్నీ వేసుకునేవారు దాన్ని పట్టీల లోపల దోపుకోవాలి. వదిలేస్తే పిల్ల ముఖం మీద పడుతుంది, జారితే చక్రంలోకి వెళ్తుంది.

పిల్ల తనంతట తాను నిటారుగా కూర్చోలేనంత కాలం ఈ బెల్టు కొన్నా ఉపయోగం లేదు. ఆటోనో బస్సో నయం. కూర్చోవడం వచ్చి, రోజూ బండి మీద తిప్పక తప్పనివారు మాత్రం తప్పకుండా కొనుక్కోవాలి. ఒక అస్తరు కుట్టించుకోవాలి, ఆరునెలలకోసారి బకిల్ మార్పించుకోవాలి.

మా పాపకు మొన్న జనవరిలో నాలుగేళ్ళు నిండాయి. బెల్టు నిబంధన దానికి ఇక వర్తించదు. దాని బరువు పదిహేను కిలోలే కాబట్టి, బెల్టు మాత్రం ఇంకా కడుతున్నాను. పట్టీని చివరి వరకూ వదిలితే సరిపోతున్నది. ఉగాది నాడు మా అమ్మ పెట్టిన పచ్చడి తిని, బొబ్బట్లు తిని, మూడు గంటల వేళ బయలుదేరాం. ముడసర్లోవ దగ్గర జడ వదిలింది. కానుగ ఇంకా పూతకు రాలేదు, లేత ఆకు వేసి ఉంది. బండి ఆపాను.