అమ్మ మోకాళ్ళకి వాడిన గ్లూకోసమిన్ కాండ్రాయిటిన్ టాబ్లెట్లు, మూడు నెలల తర్వాత నా మాట

అమ్మకి 63, మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే, గుజ్జు అరిగిందన్నారు డాక్టర్ గారు. మెడికల్ షాపులో అడిగితే ఈ డబ్బా ఇచ్చారు, రోజుకి గ్లూకోసమిన్ 1500 మిల్లీగ్రాములు కాండ్రాయిటిన్ 1200, నెలకి దాదాపు వెయ్యి అవుతుంది. డబ్బా మీద మోకాలి బొమ్మ, మందు తిన్నగా అందులోకి పోయి గుజ్జు నింపుతున్నట్టు వేశారు, నేనూ అది చూసే కొన్నాను.

ఆ బొమ్మ తప్పు. కాండ్రాయిటిన్ అంటే రెండు రకాల చక్కెరలు మార్చి మార్చి గుచ్చిన పొడవాటి దండ, మన గుజ్జులో నీళ్ళు పట్టి ఉంచేవాటిలో అదీ ఒకటి, నిజమే. కానీ మింగిన దండ పేగు గోడ దాటలేనంత పెద్దది, దాన్ని తెంపే జీర్ణరసం మనకి లేదు, కొంచెమే లోపలికి పోతుంది, మిగతాదంతా పెద్దపేగులో బ్యాక్టీరియా ముక్కలు చేసి తినేస్తుంది. గ్లూకోసమిన్ విడి చక్కెర కాబట్టి చిన్నపేగులో బాగానే ఎక్కుతుంది, కాకపోతే అక్కణ్ణుంచి ముందు లివర్‌కే పోవాలి, చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది. మిగిలింది రక్తంతో పాటు ఒళ్ళంతా తిరుగుతుంది, మోకాలికే అని ఏం లేదు, పైగా గుజ్జులో రక్తనాళాలే ఉండవు, కీలులో ఉండే జిగురు నీటిలోకి చేరి అందులోంచి మెల్లగా ఊరాలి. ఇంత ప్రయాణం చేసి చివరికి చేరేది ఎంతో మీరే ఆలోచించండి.

అమెరికాలో 1583 మంది మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2006లో వచ్చాయి, మొత్తం మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కనపడలేదు, నొప్పి బాగా ఎక్కువున్న కొద్దిమందిలో మాత్రం రెండూ కలిపి వాడితే కొంత తేడా కనిపించింది. 2019లో అక్కడి కీళ్ళ డాక్టర్ల సంఘం మోకాలి అరుగుదలకి ఇవి వద్దనే చెప్పింది.

నాకు బాగా బాధ కలిగించింది ఇంకోటి. అమ్మ పుట్టు శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. గ్లూకోసమిన్ రొయ్యల, పీతల పెంకుల నుంచి తీసిందని డబ్బా వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది, రెండో నెలలో చూశాను. కాండ్రాయిటిన్ కూడా పశువుల మృదులాస్థి నుంచో సొరచేప నుంచో వస్తుంది. అమ్మకి చెప్పేశాను, దాచడానికి మనసొప్పలేదు, ఆ పూట అన్నం ముట్టలేదు. మొక్కజొన్న నుంచి చేసే గ్లూకోసమిన్ కూడా దొరుకుతుంది, ఇలాంటి ఇళ్ళవాళ్ళు కొనేముందే అడగండి.

నొప్పి కొంచెం తగ్గింది, కానీ అదే టైములో ఫిజియో చెప్పిన తొడ కండరాల ఎక్సర్‌సైజులు కూడా మొదలెట్టాం. టాబ్లెట్లు ఆపి నెలైంది, నొప్పి పెరగలేదు, ఎక్సర్‌సైజులు మాత్రం ఆపనివ్వట్లేదు నేను.

5కి 2 ఇస్తాను, కడుపులో మంట లాంటివి రాలేదు కాబట్టి. రొయ్యలు పడనివాళ్ళు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా అస్సలు మొదలెట్టొద్దు.