టోపీ తువాలు: అంగట్లో కొనాలా, కుట్టించుకోవాలా?

అనంతపురం పాతూరు బట్టల అంగళ్లలో జుబ్బాలు, లంగోటీల పక్కనే ఇప్పుడు టోపీ తువాళ్లు వేలాడుతున్నాయి. చదరపు తువాలు, దాని ఒక మూలకు ముక్కోణపు గుడ్డ కుట్టి ఉంటుంది. బిడ్డ తల అందులోకి దూరుతుంది. పాత పంచె ఉండగా ఇదెందుకని అవ్వలు అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. అయినా ఒక్క విషయంలో ఈ టోపీదే పైచేయి. పసిబిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. తడి తల ఆరేకొద్దీ ఆవిరి రూపంలో ఒంటి వేడి పోతుంది. పంచె చుట్టి, తల తుడవడానికి ఇంకో గుడ్డ వెతికే ఆ కాసేపట్లోనే బిడ్డ చల్లబడుతుంది. టోపీ తువాలులో తల, ఒళ్లు ఒకేసారి కప్పుకుంటాయి. దానికిచ్చే డబ్బంతా ఈ ఒక్క పనికే. చెవులు, ముక్కు, ఎలుగుబంటి మొహం అలంకారానికే.

చిక్కంతా గుడ్డలోనే ఉంది. చేతికి వెన్నలా తగిలేది, అంగడివాళ్లు ముందు చూపించేది ఎక్కువగా పాలిస్టర్ ఫ్లీసు. చలికి కప్పడానికి అది బాగానే పనికొస్తుంది, నీళ్లు పీల్చడానికి మాత్రం పనికిరాదు. తడిని అటూ ఇటూ తోస్తుందే గాని లోపలికి తీసుకోదు. పైన మెత్తగా, లోపల బిడ్డ తడితడిగా ఉండిపోతుంది. మనకు కావలసింది చిన్న చిన్న దారపు ఉచ్చులు లేచి ఉండే నూలు టర్కీ గుడ్డ. అనుమానముంటే అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది.

మందం తెలుసుకోవడానికి చీటీ మీద జీఎస్‌ఎం అంకె చూడాలి. అంటే చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. 350 నుంచి 400 మధ్య ఉంటే చాలు. చీటీ లేకపోతే త్రాసు మీద పెట్టించండి. 75 సెంటీమీటర్ల చదరపు తువాలు 400 జీఎస్‌ఎంలో 225 గ్రాములు తూగాలి, టోపీతో కలిపి ఇంకో పది పదిహేను గ్రాములు. అదే కొలతలో 150 గ్రాములే తూగితే పలచన. 500 దాటిన మందమైతే చలికాలంలో త్వరగా ఆరదు, ముక్కవాసన పడుతుంది. 60 సెంటీమీటర్ల తువాలు చౌకే, కానీ బిడ్డ పెరిగేకొద్దీ త్వరగా చాలకుండా పోతుంది.

టోపీని తిప్పి లోపలి వైపు చూడటం మరవద్దు. బొమ్మ కుట్టిన చోట వెనకాల గరుకు బక్రం (బిగుతు కోసం వేసే గట్టి గుడ్డ) ఉంటే బిడ్డ నుదురు ఎర్రబడుతుంది. వేలాడే దారాలుంటే కత్తెరతో తీసేయాలి, పోగు కాలివేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాస్తుంది. గుండీలు, పూసలు ఉన్నవి అసలొద్దు.

ఇక వాడే తీరు. నీళ్లు పోయకముందే ఫ్యాను ఆపి, కిటికీ మూసి, మంచం మీద తువాలును వాలుగా, టోపీ మూల పైకి వచ్చేలా పరచాలి. పక్కనే పొడి పంచె ముక్క, లంగోటీ, జుబ్బా వరసగా పెట్టుకోవాలి. బిడ్డను ఎత్తగానే ముందు తల టోపీలోకి, తరవాత ఎడమ అంచు, కుడి అంచు, చివరికి కింది మూల. రుద్దకూడదు, అద్దాలి. చెవుల వెనక, మెడ ముడతలు, చంకలు, గజ్జలు మరవకూడదు, తడి నిలిచి పుండ్లయ్యేది అక్కడే. ఇదంతా ఒకటి రెండు నిమిషాల పని. తడిసిన తువాలును వెంటనే తీసేసి పొడి పంచెలోకి మార్చాలి. ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే: ముద్దుగా ఉందని అందులోనే చుట్టి ఒళ్లో పెట్టుకుంటారు. తడి తువాలు కప్పడం మాని చల్లబరచడం మొదలెడుతుంది. టోపీతోనే నిద్రపుచ్చడం ఇంకా తప్పు, గుడ్డ జారి ముక్కు మీద పడొచ్చు.

బిడ్డ వెచ్చగా ఉందో లేదో చేతులు, కాళ్లు పట్టి చూస్తే తెలియదు, అవి మామూలుగానే చల్లగా ఉంటాయి. మెడ వెనకో, రొమ్ము మీదో చెయ్యి పెట్టి చూడాలి. థర్మామీటరులో 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తగ్గితే బిడ్డను తల్లి రొమ్ముకు చర్మం తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పాలి. అప్పటికీ వేడెక్కకపోయినా, పాలు తాగకపోయినా డాక్టరు దగ్గరికే. సాంబ్రాణి పొగ వేడి కోసం కాదు, జుట్టు ఆరడానికే అంటారు. టోపీ తువాలు ఉంటే ఆ పనికి పొగ అక్కరలేదు, చిన్న ఊపిరితిత్తులకు ఏ పొగా మంచిది కాదు.

మే నెలలో ఈ తువాలు తుడవడానికి మాత్రమే. ఆ ఎండల్లో చుట్టి ఉంచితే చెమటకాయలు లేస్తాయి, అప్పుడు పాత పంచెదే గెలుపు.

మన సీమ బోరు నీళ్లకు ఈ తువాళ్లు త్వరగా మొండికేస్తాయి. నీళ్లలోని సున్నం సబ్బుతో కలిసి పోగుల మధ్య పేరుకుంటుంది, నాలుగు ఉతుకులకే తువాలు అప్పడంలా బిరుసెక్కుతుంది. మెత్తబడాలని ఫ్యాబ్రిక్ కండిషనర్ పోస్తే ఇంకా చేటు, పోగుల మీద పూత కట్టి నీళ్లు పీల్చదు. సబ్బు తగ్గించి, ఒక జాడింపు ఎక్కువ చేసి, పది పదిహేను రోజులకోసారి ఆఖరి బకెట్లో అర కప్పు తెల్ల వెనిగర్ కలపండి. ఆరేసేముందు గట్టిగా విదిలిస్తే ఉచ్చులు లేస్తాయి. కొత్తది వాడకముందే రెండుసార్లు ఉతకాలి, లేకుంటే మొదటి రోజు నీళ్లు పైనే జారిపోతాయి. నూనె పట్టించిన రోజు ఈ తువాలు ముట్టవద్దు, పాత గుడ్డే వాడండి. ఉచ్చుల్లోకి దిగిన నూనె మామూలు ఉతుకుకు వదలదు, కంపు కొడుతుంది.

కొంటే మధ్య మందం నూలువి రెండు కొనండి, ఒకటి ఆరుతుంటే ఇంకొకటి. నచ్చింది దొరక్కపోతే 75కి 150 సెంటీమీటర్ల సోలాపూర్ టర్కీ తువాలు ఒకటి తీసుకుని, దర్జీతో సగానికి కత్తిరించి రెండు చదరాలు చేయించండి. టోపీకి మెత్తని పాత పంచె నుంచి 28 సెంటీమీటర్ల చదరం కోసి, మూలకు మూల కత్తిరిస్తే రెండు ముక్కోణాలొస్తాయి. వాటి పొడుగు అంచు దాదాపు 40 సెంటీమీటర్లు ఉంటుంది, ఏడాది దాకా తల పడుతుంది. చుట్టూ నూలు పైపింగ్ (అంచును మూసి కుట్టే సన్నని గుడ్డ పట్టీ) వేయమని దర్జీకి గట్టిగా చెప్పాలి, ఉత్త మడత కుట్టు వేస్తే కత్తిరించిన వైపు నుంచి పోగులు ఊడుతూనే ఉంటాయి.