పెంగ్విన్ల గోడపటం: పిల్లలున్న ఇంట్లో ఉండాల్సిందే

చెన్నై పురసవాక్కంలో స్కూలు సామాన్లు అమ్మే కొట్లో కొన్నాను, 650 రూపాయలు. క్యాన్వాస్ మీద అచ్చు, పైనా కిందా చెక్క కర్రలు. జాగ్రఫీ టీచరుగా రిటైరైన దాన్ని, ఇప్పుడు సాయంత్రాలు మా అపార్ట్‌మెంట్‌లోని తెలుగు పిల్లలకు చెబుతుంటాను. అందుకే ఏ పటమైనా పట్టిపట్టి చూస్తాను.

దీనిలో గొప్ప సంగతి, 18 జాతుల్నీ తెచ్చి అంటార్కిటికా మీద కుప్పపోయలేదు. ఏది ఎక్కడ గుడ్లు పెడుతుందో అక్కడ ముదురు రంగు, ఈదుతూ తిరిగే సముద్రమంతా లేత రంగు. మూడో అంతస్తు అమ్మాయి పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల మీద వేలు పెట్టి, "అమ్మమ్మా, ఇది మన చెన్నై కంటే భూమధ్యరేఖకి దగ్గర కదా, వీటికి ఎండ తగలదా?" అని అడిగింది. జవాబు పటంలోనే నీలి బాణాల్లో ఉంది. దక్షిణాన్నుంచి హంబోల్ట్ చల్లని ప్రవాహం వస్తుంది. పడమటి నుంచి నీటి అడుగున వచ్చే క్రామ్‌వెల్ ప్రవాహం దీవులకు తగిలి పైకి లేస్తుంది. ఆ చల్లటి నీళ్లలో చేపలు పుష్కలం. అందుకే అక్కడి పెంగ్విన్లు ఎక్కువగా ఇసబెలా, ఫెర్నాండినా దీవుల దగ్గరే ఉంటాయి, లావా రాళ్ల సందుల్లో నీడ చూసుకుని గుడ్లు పెడతాయి. ఇలాంటి ప్రశ్న పుట్టించే పటం దొరకడం అరుదు.

ఒక పెద్ద తప్పు మాత్రం ఉంది. ఎంపరర్ పెంగ్విన్ పక్కన రాళ్ల గూడు వేశారు. రాళ్లు ఏరి గూడు పేర్చేది అడీలీ పెంగ్విన్. ఎంపరర్‌కి గూడే ఉండదు. అంటార్కిటికా చలికాలంలో గడ్డకట్టిన సముద్రం మీద మగపక్షి గుడ్డును పాదాల మీద పెట్టుకుని, పొట్ట చర్మం కప్పి, సుమారు 65 రోజులు తిండి లేకుండా నిలబడుతుంది. అంత గొప్ప సంగతిని రాళ్ల కింద పూడ్చేశారని బాధేసింది. ఆ బొమ్మ మీద నేను తెల్ల కాగితం అంటించాను.

హిందూ మహాసముద్రం దక్షిణాన కింగ్ పెంగ్విన్లుండే క్రోజే, కెర్గెలెన్ దీవుల పేర్లు మరీ సన్నగా ఉన్నాయి. ఆఫ్రికన్ పెంగ్విన్‌ను 2024లో అంతరించే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో చేర్చారు. అవి తినే సార్డీన్ చేపలు తగ్గిపోవడం అందుకు ముఖ్య కారణం. ఆ మాట పటంలో ఎక్కడా లేదు, వచ్చే అచ్చులోనైనా వేయాలి.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే తప్పక కొనండి. కొట్లో మడత పెట్టి ఇస్తారు, చుట్టి ఇమ్మనండి. మడత సరిగ్గా న్యూజిలాండ్ మీద పడుతుంది, అక్కడ అచ్చు రాలిపోతోంది.